ఆవకుటుంబ వర్గీకరణలో పుప్పొడి సాక్ష్యం: బలం, పరిమితులు

వ్యాససంగ్రహం: బ్రాసికేసి కుటుంబంలో పుష్పనిర్మాణం దాదాపు ఒకే మూసలో ఉండటంవల్ల ప్రజాతుల, జాతుల విభజన చాలాకాలం ఫలలక్షణాల మీద ఆధారపడింది. ఫలాకారం నమ్మదగిన సాక్షి కాదని తేలిన తరువాత పరిశోధకుల దృష్టి పుప్పొడి వంటి సూక్ష్మలక్షణాల వైపు మళ్లింది. సూక్ష్మదర్శినిలో కనిపించే పుప్పొడి లక్షణాలలో ఏవి ఏ స్థాయి వర్గీకరణకు పనికివస్తాయి, ఏవి తప్పుదారి పట్టిస్తాయి అనే విషయాన్ని ఫిసేరియే తెగను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బ్రాసికేసి, పుప్పొడి, ఎక్సైన్, కోల్పస్, అసిటాలసిస్, ఫిసేరియే, బహుస్థితికత.

1. ఉపోద్ఘాతం

ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్, టర్నిప్ మొదలైన పంటమొక్కలు చేరిన బ్రాసికేసి కుటుంబాన్ని గుర్తించడం కష్టమైన పని కాదు. నాలుగు రక్షకపత్రాలు, శిలువ ఆకారంలో అమరిన నాలుగు ఆకర్షణపత్రాలు, నాలుగు పొడవైనవి రెండు పొట్టివి అయిన ఆరు కేసరాలు, అండాశయాన్ని రెండు గదులుగా చేసే పలుచని మిథ్యాపటలం కనిపించగానే డిగ్రీ విద్యార్థి సైతం కుటుంబం పేరు చెప్పగలడు. పూర్వం దీనిని క్రూసిఫెరే అని పిలవడానికి ఆ శిలువ అమరికే కారణం. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ఈ కుటుంబంలో సుమారు 4000 జాతులు, 340 వరకు ప్రజాతులు ఉన్నాయి. ఇన్నింటిలోనూ పువ్వు స్థూలంగా ఒకే నమూనాలో ఉంటుంది. కుటుంబాన్ని ఇంత తేలికగా పట్టిచ్చే పువ్వే, కుటుంబం లోపలి విభజన దగ్గరకు వచ్చేసరికి మూగబోతుంది.

అందువల్లనే డి కండోల్ 1821లో ఈ కుటుంబాన్ని విభజించినప్పుడు పువ్వును వదలి విత్తనం లోపలికి వెళ్లాడు. ప్రథమమూలం బీజదళాల అంచున ఆనుకొని ఉందా, వీపున ఆనుకొని ఉందా, బీజదళాలు దాని చుట్టూ మడతపడ్డాయా అన్నది ఆయనకు ప్రధానమైంది. 1936లో షుల్జ్ రూపొందించిన వర్గీకరణ చాలాకాలం ప్రామాణికంగా చలామణి అయింది. అందులోనూ ఫలాకారానికే పెద్దపీట. ఫలం పొడవైన సిలిక్వాయా, పొట్టి సిలిక్యులాయా, పటలానికి సమాంతరంగా నొక్కుకుపోయిందా, లంబంగా నొక్కుకుపోయిందా అనే ప్రశ్నల మీద తెగలు నిలబడ్డాయి. డిఎన్‌ఏ ఆధారిత వర్గవికాస అధ్యయనాలు వచ్చాక ఆ తెగలలో చాలావరకు కుప్పకూలాయి. ఒకే రకపు ఫలం సంబంధం లేని వంశాలలో పలుమార్లు విడివిడిగా ఏర్పడిందని స్పష్టమైంది. షుల్జ్ తెగలలో దాదాపు చెక్కుచెదరక నిలిచినది మన ఆవ చేరిన బ్రాసికే తెగ. బీజదళాల మడత, రెండు ఖండాలుగా ఉండే ఫలం ఇక్కడ నిజంగానే బంధుత్వాన్ని సూచించాయి.

ఫలం నమ్మకం కోల్పోయిన చోట మరొక సాక్షి కావాలి. కేశాలు, విత్తనపు పొర, క్రోమోసోముల సంఖ్య ఇలా పరిశీలనకు వచ్చినవే. పుప్పొడి కూడా ఆ వరుసలోనిదే. అయితే పుప్పొడికి మన పరిశోధనా పత్రాలలో దక్కుతున్న గౌరవం ఒక్కొక్కసారి దాని యోగ్యతను మించిపోతున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఏది అతిశయం, ఏది న్యాయం అన్నది తేల్చుకోవాలంటే ముందు రేణువు నిర్మాణం తెలియాలి.

2. రేణువు నిర్మాణం

పుప్పొడి రేణువుకు రెండు పొరల గోడ ఉంటుంది. లోపలిది ఇంటైన్, వెలుపలిది ఎక్సైన్. ఎక్సైన్ స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. ఆమ్లాలకు, క్షయానికి లొంగని పదార్థాలలో ఇది ఒకటి. వేల సంవత్సరాల నాటి చెరువు మట్టిలో కూడా పుప్పొడి దొరకడానికి కారణం ఇదే. ఆవకుటుంబంలో ఎక్సైన్ వలరూపంలో ఉంటుంది. పాదస్తరం మీద చిన్న స్తంభికలు, వాటి తలలను కలుపుతూ పోయే గోడలు, ఆ గోడల నడుమ గళ్లు. గోడలను మ్యూరై అని, గళ్లను ల్యూమినా అని పరిభాషలో అంటారు. గళ్లు అంతటా ఒకే పరిమాణంలో ఉండవచ్చు. చాలా జాతులలో మాత్రం గాడుల అంచులకు చేరేకొద్దీ చిన్నవవుతూ పోతాయి.

పుప్పొడి నాళం వెలువడే పలుచని భాగమే ద్వారం. అది పొడవైన గాడిలా ఉంటే కోల్పస్ అంటారు. ఆవకుటుంబంలో సాధారణంగా ధ్రువం నుంచి ధ్రువానికి సాగే మూడు గాడులు సమానదూరంలో ఉంటాయి. రేణువు పరిమాణం చాలా జాతులలో 15 నుంచి 40 మైక్రోమీటర్ల మధ్య ఉంటుంది. ఇవి పరాగకోశం నుంచి వెలువడేనాటికే మూడు కేంద్రకాలు కలిగి ఉంటాయి.

వల గళ్లు ఊరకే లేవు. టపీటమ్ నుంచి వచ్చే కొవ్వు, మాంసకృత్తులతో కూడిన జిగురుపూత ఆ గళ్లలో నిలిచి ఉంటుంది. కీలాగ్రం తన పుప్పొడిని, పరాయి పుప్పొడిని వేరుచేసుకొనే ఆత్మవంధ్యత్వ వ్యవస్థకు కావలసిన మాంసకృత్తు ఆ పూతలోనే ఉంటుంది. వర్గీకరణ చేసేవారికి ఇది పక్కదారిలా అనిపించవచ్చు, కాని కాదు. వల ఒక పనిచేసే అవయవం. పని మారితే వల మారవచ్చు. అందువల్ల వల పోలిక కనబడినంత మాత్రాన బంధుత్వం ఉందని అనుకోరాదు.

3. నమూనా తయారీలోనే మొదలయ్యే తేడాలు

ఎర్ట్‌మన్ ప్రవేశపెట్టిన అసిటాలసిస్ పద్ధతి నేటికీ ప్రామాణికం. తొమ్మిది పాళ్ల అసిటిక్ ఆన్‌హైడ్రైడ్‌కు ఒక పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన మిశ్రమంలో పుప్పొడిని వేడిచేస్తారు. రేణువు లోపలి పదార్థం, ఇంటైన్, పైనున్న జిగురుపూత కరిగిపోయి ఎక్సైన్ ఒక్కటే గోధుమరంగులో మిగులుతుంది. నమూనాలో నీరు ఉంటే ఆ మిశ్రమం ఉగ్రంగా చర్య జరుపుతుంది కనుక ముందుగా గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంతో నీటిని తొలగించడం, ఫ్యూమ్ హుడ్‌లో పనిచేయడం తప్పనిసరి.

ఈ ప్రక్రియ రేణువు పరిమాణాన్ని కూడా మారుస్తుంది. అమర్చే మాధ్యమం ప్రభావం మరింత ఉంది. గ్లిజరిన్ జెల్లీలో రేణువులు కాలక్రమంలో ఉబ్బుతాయి. సిలికోన్ నూనెలో ఆ ఇబ్బంది తక్కువ. ఒక పత్రంలో గ్లిజరిన్ జెల్లీలో కొలిచిన ఆవ పుప్పొడిని, మరొక పత్రంలో ఆరబెట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద కొలిచిన ముల్లంగి పుప్పొడితో పోల్చి, ఆ తేడాను ప్రజాతుల తేడాగా ప్రకటించడం సాహసం. అది మాధ్యమాల తేడా కావచ్చు.

సాధారణ కాంతి సూక్ష్మదర్శినికి మరొక పరిమితి ఉంది. మంచి ఆయిల్ ఇమ్మర్షన్ కటకంతో సైతం పావు మైక్రోమీటరు కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు విడివిడిగా కనిపించవు. వల గోడల మందం చాలాచోట్ల అర మైక్రోమీటరు దరిదాపుల్లో ఉంటుంది. అంటే కొలత పరికరపు హద్దుల దగ్గర తచ్చాడుతున్నామన్నమాట. గోడల మందానికి, గళ్ల లోపలి కణికలకు స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని ఆశ్రయించాలి. అయితే కాంతి సూక్ష్మదర్శిని పేదది కాదు. దృష్టికేంద్రాన్ని పైనుంచి కిందికి దించుతూ వెలుగునీడల మార్పును గమనించే ఎల్‌ఓ విశ్లేషణ దానికే సొంతం. వలరూప ఎక్సైన్‌లో పై కేంద్రంలో గోడలు వెలుగుగా, గళ్లు చీకటిగా కనిపిస్తాయి. కిందికి దించగానే అది తారుమారవుతుంది. గుంటలున్న ఉపరితలం, ముళ్లున్న ఉపరితలం మధ్య భేదాన్ని జిల్లా కళాశాల ప్రయోగశాలలో ఉన్న సూక్ష్మదర్శినితోనే ఇలా తేల్చవచ్చు.

4. ధ్రువ అక్షం, మధ్యరేఖ: ఒక నిష్పత్తి చేసే మోసం

పుప్పొడి వర్ణనలలో తప్పనిసరిగా కనిపించే అంశం ధ్రువ అక్షానికి మధ్యరేఖా వ్యాసానికి ఉన్న నిష్పత్తి. ఎర్ట్‌మన్ పట్టిక ప్రకారం అది 1.14 నుంచి 1.33 వరకు ఉంటే సబ్‌ప్రోలేట్, 1.33 నుంచి 2.00 వరకు ఉంటే ప్రోలేట్. ఆవకుటుంబపు జాతులు ఎక్కువగా ఈ రెండు తరగతుల సరిహద్దు చుట్టూ గుమిగూడతాయి. ప్రమాదం అక్కడే ఉంది.

ఒక రేణువు ధ్రువ అక్షం 32, మధ్యరేఖా వ్యాసం 24 మైక్రోమీటర్లు అనుకుందాం. నిష్పత్తి 1.33. తరగతి ప్రోలేట్. మధ్యరేఖా వ్యాసాన్ని 25గా చదివితే నిష్పత్తి 1.28, తరగతి సబ్‌ప్రోలేట్. మారింది ఒక్క మైక్రోమీటరు. 40 రెట్ల కటకంతో పనిచేసేటప్పుడు నేత్రకటక మైక్రోమీటరులో ఒక గడి సాధారణంగా రెండున్నర మైక్రోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. అరగడి అటూ ఇటూ చూసినా జాతి ఒక తరగతి నుంచి మరొక తరగతికి దూకుతుంది. అయినప్పటికీ ‘రేణువులు ప్రోలేట్ – జాతి అ, రేణువులు సబ్‌ప్రోలేట్ – జాతి ఆ’ అని రాసే గుర్తింపు తాళికలు ప్రచురితమవుతూనే ఉన్నాయి. అటువంటి తాళికతో మరొకరు అదే జాతిని గుర్తించబోతే దారి తప్పడం ఖాయం.

దీనికంటే లోతైన అభ్యంతరం మరొకటి ఉంది. ఆవకుటుంబపు రేణువు ఆరిపోయినప్పుడు గాడులు లోపలికి మడుచుకొని రేణువు పొడవుగా, సన్నగా అవుతుంది. తేమ తగిలితే గాడులు విచ్చుకొని దాదాపు గుండ్రంగా ఉబ్బుతుంది. ఎండకు నీటిని కోల్పోకుండా, కీలాగ్రం మీద త్వరగా నీటిని గ్రహించడానికి వీలుగా ఏర్పడిన సర్దుబాటు ఇది. ఒకే రేణువు ఉదయం గుండ్రం, మధ్యాహ్నం పొడవు కాగలిగినప్పుడు ఆ ఆకారాన్ని జాతి లక్షణంగా రాయడానికి ముందు అది ఏ స్థితిలో కొలిచినదో రాయాలి. ఆ సమాచారం లేని నిష్పత్తిని వర్గీకరణకు వాడకపోవడమే మేలు.

5. కుటుంబపు సరిహద్దు: వామింట పాఠం

పుప్పొడి నిస్సంకోచంగా మాట్లాడే చోట్లు కూడా ఉన్నాయి. తెలుగునాట చేలగట్ల మీద, ఖాళీ స్థలాలలో పెరిగే వామింట, కుక్కవామింట మొక్కలు క్లియోమేసి కుటుంబానికి చెందినవి. ఇది బ్రాసికేసికి అత్యంత సమీప కుటుంబం. నాలుగు ఆకర్షణపత్రాలు, కుడ్య అండన్యాసం రెండింటిలోనూ ఉన్నాయి. వామింటలో కేసరాలు కూడా ఆరే. ఈ దగ్గరితనాన్ని బట్టే 1998, 2003 సంవత్సరాల ఏపీజీ వర్గీకరణలు క్లియోమ్‌ను, కప్పారిస్‌ను కూడా విశాలమైన బ్రాసికేసిలో కలిపివేశాయి. 2009 నాటి మూడవ రూపంలో మూడు కుటుంబాలూ తిరిగి విడిపోయాయి.

సూక్ష్మదర్శిని కింద ఈ తేడా తెలుస్తుంది. క్లియోమేసి రేణువులలో సాధారణంగా ప్రతి గాడి మధ్యలో లోపలిపొరకు సంబంధించిన రంధ్రం ఒకటి ఉంటుంది. గాడి, రంధ్రం కలిసిన ఈ సంయుక్త ద్వారాన్ని కోల్పోరేట్ అంటారు. ఆవ రేణువులో గాడి ఒక్కటే ఉంటుంది. ఆవ, వామింట పుప్పొడిని పక్కపక్కనే పెట్టి చూపడం స్నాతకోత్తర ప్రయోగ తరగతికి చక్కగా సరిపోయే అభ్యాసం. రెండూ ఖర్చులేకుండా దొరుకుతాయి.

6. ఫిసేరియే: గాడుల సంఖ్య చెప్పిన బంధుత్వం

కుటుంబం లోపల పుప్పొడి సాధించిన అతిపెద్ద విజయం ఉత్తర అమెరికా పశ్చిమప్రాంతపు మొక్కలకు సంబంధించినది. అక్కడి సున్నపురాతి నేలలలో, ఎడారి అంచులలో ఫిసేరియా, లెస్‌క్వెరెల్లా అనే రెండు ప్రజాతులను వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం వేరుగా గుర్తించారు. ఫిసేరియా ఫలం రెండు గాలిబుడగలు జంటగా అతికినట్లు ఉంటుంది. లెస్‌క్వెరెల్లా ఫలం చిన్న గుండ్రని గింజలా ఉంటుంది. ఆ చుట్టుపక్కలే డైథైరియా అనే మరొక ప్రజాతి ఉంది. దాని ఫలం కళ్లజోడును పోలి ఉంటుంది. లైరోకార్పా ఫలం లైర్ వాద్యం ఆకారంలో ఉంటుంది. ఫలాన్ని మాత్రమే చూసినవారికి ఇవన్నీ ఒకే ఇంటివని తోచే అవకాశం లేదు.

హార్వర్డ్‌కు చెందిన రీడ్ రోలిన్స్, ఉమేశ్ బెనర్జీ 1979లో ఈ కుటుంబపు పుప్పొడి మీద ప్రచురించిన అధ్యయనం ఇక్కడ మైలురాయి. కుటుంబంలో తక్కినచోట్ల మూడు గాడులు నియమం కాగా ఈ గుంపులో నాలుగు, అంతకంటే ఎక్కువ గాడులు కనిపిస్తాయి. కొన్నింటిలో ఆ సంఖ్య 11 వరకు పోతుంది. 2006లో బైల్‌స్టైన్, అల్-షెహ్‌బాజ్, కెల్లాగ్ హరితరేణు జన్యువు ఆధారంగా కుటుంబపు వర్గవికాస వృక్షాన్ని నిర్మించినప్పుడు, బహుగాడుల పుప్పొడి గల ఈ ప్రజాతులు ఒకే కొమ్మ మీదకు చేరాయి. అదే నేటి ఫిసేరియే తెగ. అంతకు ముందే 2002లో అల్-షెహ్‌బాజ్, ఓకేన్ లెస్‌క్వెరెల్లా జాతులలో అత్యధికభాగాన్ని ఫిసేరియాలో విలీనం చేశారు. జాతుల సంఖ్యలో లెస్‌క్వెరెల్లాయే పెద్దదైనా, 1848 నాటి ఫిసేరియా అనే పేరు 1888 నాటి లెస్‌క్వెరెల్లా కంటే పాతది కనుక నామకరణ నియమం ప్రకారం అదే నిలిచింది.

ఇది కేవలం పేర్ల తగాదా కాదు. ఫిసేరియా ఫెండ్లెరి గింజల నూనెలో ఉండే లెస్‌క్వెరోలిక్ ఆమ్లం మన ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. ఆముదానికి ప్రత్యామ్నాయంగా ఆ మొక్కను పంటగా మలిచే ప్రయత్నాలు అమెరికాలో జరిగాయి. దాని వన్యబంధువులను ఏ ప్రజాతులలో వెదకాలో ప్రజననకారుడికి చెప్పేది వర్గీకరణే.

ఇక్కడొక న్యాయమైన సందేహం పుడుతుంది. గాడుల సంఖ్య పెరగడం బహుస్థితికత ఫలితం కాకూడదా? అరబిడాప్సిస్ మీద డోబ్రిత్సా బృందం 2016లో ప్రచురించిన పరిశోధన ఈ సందేహానికి బలమిస్తుంది. క్రోమోసోముల సమితులు రెట్టింపైన మొక్కల పుప్పొడిలో మూడుకు బదులు నాలుగు, అంతకుమించిన గాడులు ఏర్పడటాన్ని వారు చూపారు. అయితే ఫిసేరియాలో ద్వయస్థితిక జాతులలోనూ గాడులు మూడుకు మించే ఉంటాయి. మరోవైపు సహజ బహుస్థితికాలైన ఆవ, బ్రాసికా నాపస్ పుప్పొడి సాధారణంగా మూడు గాడులతోనే ఉంటుంది. కనుక ఫిసేరియేలోని లక్షణాన్ని కేవలం క్రోమోసోముల రెట్టింపుగా కొట్టిపారేయలేము. అదే సమయంలో, ఏదో ఒక మొక్కలో కొన్ని నాలుగు గాడుల రేణువులు కనబడగానే దానిని కొత్త ఉపజాతిగా ప్రకటించడానికి ముందు క్రోమోసోములను లెక్కించవలసి ఉంటుంది.

గాడులు పూర్తిగా లోపించడాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. మథియోలా ప్రజాతిలో ద్వారరహిత పుప్పొడి నమోదైంది. అరబిడాప్సిస్‌లో ఐఎన్‌పీ1 అనే ఒక్క జన్యువు చెడిపోతే చాలు, మూడు గాడులూ మాయమవుతాయి. అయినా ఆ పుప్పొడి ఫలదీకరణ సామర్థ్యం కోల్పోదు. ఒక్క జన్యువు చెడితే పోయే లక్షణం వేర్వేరు వంశాలలో విడివిడిగా పోయి ఉండటం అసంభవమేమీ కాదు. లేమిలో పోలిక బంధుత్వానికి బలహీనమైన రుజువు.

7. ఆవ తెగ లోపల

బ్రాసికే తెగలోకి వచ్చేసరికి పుప్పొడి స్వరం తగ్గిపోతుంది. బ్రాసికా, రఫానస్, సైనాపిస్, ఎరూకా ప్రజాతుల రేణువులన్నీ మూడు గాడులు, వలరూప ఎక్సైన్ కలిగినవే. తేడా గళ్ల వెడల్పులోనో గోడల మందంలోనో ఉంటుంది. అక్కడ జాతుల కొలతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. పురాతన అవక్షేపాలలోని పుప్పొడిని లెక్కించేవారు ఈ కుటుంబంలో ప్రజాతి పేరు చెప్పడానికి సాహసించక, ‘సైనాపిస్ తరహా’ అని ఒక రకం పేరుతో సరిపెట్టుకోవడం అందువల్లనే. అది నిజాయితీ గల పద్ధతి.

ఈ పోలికలో ఆశ్చర్యం లేదు. నాగహారు యూ 1935లో చూపినట్లు ఆవ అంటే బ్రాసికా రాపా, బ్రాసికా నైగ్రాల సంకరం నుంచి పుట్టినది. పదీ ఎనిమిదీ కలిసి పద్దెనిమిది క్రోమోసోములు. ఒక జాతి మరి రెండు జాతుల జన్యుసంపదను పూర్తిగా మోస్తున్నప్పుడు వాటి నడుమ పుప్పొడి గోడ సరిహద్దు గీయగలదని ఆశించరాదు. బహుస్థితికాలలో రేణువు కొంత పెద్దదయ్యే ధోరణి ఉంది. అందువల్ల పరిమాణం జాతికంటే ముందు క్రోమోసోముల స్థాయిని సూచించవచ్చు.

సంకరాలను పసిగట్టడంలో మాత్రం ఈ తెగలోనూ పుప్పొడి అక్కరకు వస్తుంది. కర్పెచెంకో 1920లలో ముల్లంగిని క్యాబేజీతో సంకరం చేసినప్పుడు మొదటితరం మొక్కలు దాదాపు వంధ్యంగా ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరికీ తొమ్మిదేసి క్రోమోసోములున్నా అవి క్షయకరణ విభజనలో సరిగా జతకట్టలేదు. అటువంటి మొక్కల పరాగకోశాన్ని ఎసిటోకార్మైన్‌లో నలిపి చూస్తే రంగు పట్టిన నిండు రేణువుల మధ్య రంగు పట్టని ముడుచుకుపోయిన రేణువులు విస్తారంగా కనిపిస్తాయి. గుర్తింపు తేలని హెర్బేరియం నమూనా దగ్గర మొదట చేయవలసిన పరీక్ష ఇది. గళ్ల కొలతలు ఆ తరువాత.

8. పరిశోధకులు పాటించవలసినవి

దక్షిణభారతంలో ఈ కుటుంబపు సహజజాతులు తక్కువ. వైవిధ్యం హిమాలయాలలో ఉంది. కనుక మన విశ్వవిద్యాలయాలలో ఈ అంశం మీద పనిచేసేవారు ఎక్కువగా సాగుజాతుల మీద, కలుపుమొక్కల మీద, ఇతర హెర్బేరియాల నుంచి తెచ్చుకొన్న పరాగకోశాల మీద ఆధారపడవలసి వస్తుంది. సాగు మొక్కలలో ఒకే రకం విత్తనం నుంచి వచ్చిన పది మొక్కలను కొలిచి దానిని జాతి వైవిధ్యంగా చూపడం సరికాదు. వేర్వేరు రకాలు, వేర్వేరు చేలు కావాలి. పొడవు కేసరాల నుంచి తీసినదా, పొట్టి కేసరాల నుంచి తీసినదా అన్నది కూడా నమోదు చేయడం మంచిది. ఒకే పువ్వులో ఈ రెండు రకాలూ ఉన్న కుటుంబంలో ఆ వివరాన్ని వదిలేయడానికి కారణం కనబడదు.

తాళికలో మొదటి మెట్లుగా ద్వారాల సంఖ్య, గాడిలో రంధ్రం ఉండటం లేకపోవడం, వల స్వభావం ఉండాలి. కొలతలు చివరి మెట్లకు పరిమితం కావాలి. అక్కడ కూడా సగటు ఒక్కటే ఇవ్వక కనిష్ఠ, గరిష్ఠ విలువలు, కొలిచిన రేణువుల సంఖ్య, అమర్చిన మాధ్యమం ఇవ్వాలి. రెండు జాతుల వ్యాప్తులు ఒకదాని మీదికి ఒకటి వచ్చినప్పుడు వాటిని తాళికలో ఒకే చోట నిలిపివేయాలి. విడదీయలేకపోవడం కూడా ఫలితమే. పుప్పొడి తీసిన మొక్క నమూనాను హెర్బేరియంలో, స్లైడును అదే సంఖ్యతో ప్రయోగశాలలో భద్రపరచాలి. రేపు ఆ మొక్క పేరు మారినప్పుడు, ఈ కుటుంబంలో పేర్లు తరచు మారుతూనే ఉన్నాయి కనుక, కొలతలు ఎవరివో తెలుసుకోవడానికి మిగిలే ఆధారం ఆ సంఖ్య ఒక్కటే.